బండి పోయింది, బాకీ ఎంత?

ఫైనాన్స్ వాళ్లు కారు సీజ్ చేసి అమ్మేశాక కూడా ఇంకా కట్టమంటున్న బాకీ గురించి గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. పేర్లు వేయలేదు, ఊళ్లు మాత్రం ఇచ్చాం.

ప్రశ్న: తెల్లమచ్చ వచ్చి వరసగా రెండు పంటలు రొయ్య పోయింది. కారు మీద 7 లక్షల అప్పు, వడ్డీ 10.5 శాతం, 60 వాయిదాలు, నెలకు రూ.15,046. 22 కట్టాను. మూడు తప్పేసరికి బండి ఎత్తుకెళ్లారు. రెండు నెలల తర్వాత రూ.3,40,000కు అమ్మేశామనీ, ఇంకా రూ.2,84,180 కట్టాలనీ లాయరు నోటీసు వచ్చింది. బండి వాళ్లే పట్టుకెళ్లాక ఇంకా బాకీ ఏమిటండీ?
– ఉండి

జవాబు: బాకీ ఉంటుంది. బండి అప్పుకు హామీయే గానీ అప్పు కాదు. అమ్మితే వచ్చిన డబ్బు అప్పులో జమ చేసుకుని, చాలకపోతే మిగతాది అడగవచ్చు. ఎక్కువొస్తే మీకు తిరిగివ్వాలి. తాకట్టు వస్తువు విషయంలో కాంట్రాక్టు చట్టం 176వ సెక్షన్ చెప్పేది ఇదే. హైపోథికేషన్‌కీ (బండి మీ దగ్గరే ఉంచి దాన్ని హామీగా రాయించుకోవడం) తాకట్టుకీ చట్టంలో తేడా ఉన్నా, మీ ఒప్పందంలోనూ దాదాపు ఇదే రాసి ఉంటుంది. కాబట్టి 'బండి ఇచ్చేశాం, ఇక లెక్క చెల్లు' అన్న వాదన నిలవదు. కానీ వాళ్లు వేసిన అంకె కూడా వేసినట్టే నిలవాలని లేదు. మీరు పంపిన నోటీసు నకలులోనే పెద్ద తప్పు కనిపిస్తోంది.

అందులో లెక్క ఇలా ఉంది: మిగిలిన అసలు 4,84,600, బాకీ పడ్డ 5 వాయిదాలు 75,230, పెనాల్టీ 31,400, బౌన్స్ ఛార్జీలు 590 చొప్పున ఐదు 2,950, సీజింగ్ ఖర్చు 18,000, యార్డు అద్దె రోజుకు 200 చొప్పున 60 రోజులకు 12,000. మొత్తం 6,24,180. అందులో అమ్మకం సొమ్ము 3,40,000 తీసేస్తే 2,84,180. కూడిక సరిగ్గానే ఉంది. కూడిన అంశాల్లోనే మెలిక ఉంది.

అప్పు తీసుకున్నప్పుడు ఇచ్చిన వాయిదాల పట్టిక తీయండి. 22వ వరస చివర మిగిలిన అసలు సుమారు 4,84,600 ఉంటుంది. 27వ వరస చివర 4,29,640 ఉంటుంది. ఈ రెండింటి తేడా, దాదాపు 55,000, మీరు కట్టని ఆ ఐదు వాయిదాల్లో ఉన్న అసలు. ఇప్పుడు నోటీసు చూడండి. 22వ వరసలోని అసలు మొత్తం వేసి, దానిపైన ఐదు వాయిదాలూ పూర్తిగా వేశారు. వాయిదా అంటే అసలూ వడ్డీ కలిసినదే కదా. అంటే ఆ 55,000 రెండుసార్లు పడింది. సరైన లెక్క రెండు రకాలుగా వేయవచ్చు. 27వ వరస అసలు 4,29,640కి ఐదు వాయిదాలు 75,230 కలిపితే 5,04,870. లేదా 22వ వరస అసలుకు ఆ ఐదు నెలల వడ్డీ మాత్రమే కలపాలి. ఎటు తిప్పినా అయిదు లక్షల అయిదు వేలకు అటూ ఇటూగానే తేలుతుంది. కొన్ని నోటీసుల్లో ఇంకో పద్ధతి ఉంటుంది: మిగిలిన 38 వాయిదాలూ గుండుగుత్తగా కూడేసి 5,71,748 అంటారు. అందులో ఇంకా రాని నెలల వడ్డీ కూడా ఉంది. అది కూడా ఒప్పుకోనక్కర్లేదు.

పెనాల్టీ సంగతి. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఇచ్చిన ఆదేశం ప్రకారం వాయిదా తప్పినందుకు అదనపు వడ్డీ వేయకూడదు, ఛార్జీ మాత్రమే వేయాలి. ఆ ఛార్జీని అసలులో కలిపి దానిమీద మళ్లీ వడ్డీ లాగకూడదు. కొత్త అప్పులకు ఇది 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, పాత అప్పులను కూడా ఆ ఏడాది జూన్ ఆఖరుకల్లా మార్చాలి. మీ ఒప్పందంలో ఆలస్యానికి నెలకు 2 శాతం అని ఉందన్నారు. ఒక వాయిదాపై నెలకు 301 రూపాయలు. మొదటి వాయిదా ఐదు నెలలు, రెండోది నాలుగు, అలా చివరిది ఒకటి, మొత్తం పదిహేను నెలల పాళ్లు. అంటే 4,514. వాళ్లు వేసింది 31,400! ఈ పెనాల్టీ ఛార్జీల మీద జీఎస్టీ కూడా లేదు. ఎలా వచ్చిందో నెలవారీగా చూపించమనండి.

సీజింగ్, యార్డు ఖర్చులకు బిల్లులు అడగండి. ఒప్పందంలో ఉంటేనే, నిజంగా అయితేనే అవి మీ మీద పడతాయి. అవి రెండూ నిజమే అనుకున్నా 5,04,870కి 4,514, 2,950, 18,000, 12,000 కలిపి 5,42,334. అమ్మకం సొమ్ము తీసేస్తే 2,02,334. ఒక్క రూపాయి బేరమాడకుండానే 82 వేలు తగ్గింది.

ఇక అమ్మిన ధర. ఇక్కడ పోట్లాడటానికి చాలా ఉంది గానీ రుజువు మీ దగ్గర ఉండాలి. మీ చివరి బీమా పాలసీలో బండి విలువ ఎంత వేశారో చూడండి, కోర్టు ముందు పెట్టడానికి అంతకంటే తేలికైన కాగితం లేదు. అదే మోడల్, అదే సంవత్సరం, అన్నే కిలోమీటర్లు తిరిగిన బండి భీమవరంలోనో ఏలూరులోనో సెకండ్‌హ్యాండ్ షోరూంలో ఎంతకు అడుగుతున్నారో రాతపూర్వకంగా రెండు కొటేషన్లు తీసుకోండి. వేలంలో వచ్చే ధర షోరూం ధర కంటే తక్కువే ఉంటుంది, అది మామూలే. పది పదిహేను శాతం తేడాకు గొడవపడి లాభం లేదు. సగానికి సగం తేడా ఉంటే మాత్రం వదలొద్దు. బండి తీసుకెళ్లిన రోజు రాసిన ఇన్వెంటరీలో స్టెప్నీ, బ్యాటరీ, టైర్ల కంపెనీ, స్టీరియో ఉన్నాయో లేదో చూడండి. యార్డులో నిలబడ్డ బండికి బ్యాటరీ, టైర్లు మారిపోయి, ఆ తర్వాత వాల్యుయేషన్ చేయించి 'బండి బాగోలేదు' అని ధర తగ్గించడం కొత్త విద్యేం కాదు.

నోటీసుల సంగతి కూడా చూడాలి. బండి స్వాధీనం చేసుకునే ముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, అమ్మే ముందు కట్టుకోవడానికి చివరి అవకాశం ఎలా ఇవ్వాలి, బండి తిరిగి ఎలా ఇవ్వాలి, వేలం ఎలా వేయాలి అన్నవి ఒప్పందంలోనే రాయాలని ఫైనాన్స్ కంపెనీలకు రిజర్వు బ్యాంకు నియమం ఉంది. అమ్మే ముందు నోటీసు ఇవ్వలేదంటే అప్పు రద్దయిపోదు. కానీ ధర విషయంలో మీ మాటకు బలం వస్తుంది, వినియోగదారుల కమిషన్‌లో సేవా లోపం కింద నష్టపరిహారం అడగవచ్చు.

నోటీసుకు జవాబు స్పీడ్ పోస్టులో, ఈమెయిల్లో రెండు విధాలా పంపండి. మాటలు ఇంతకు మించక్కర్లేదు:

'లోన్ నంబరు ఫలానా, బండి నంబరు ఫలానా. మీ నోటీసులోని మొత్తాన్ని నేను ఒప్పుకోవడం లేదు. అసలు రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. మొదటి రోజు నుంచి అమ్మిన తేదీ దాకా ఖాతా స్టేట్‌మెంటు, వాయిదాల పట్టిక, ఒప్పందం నకలు, స్వాధీనానికీ అమ్మకానికీ ముందు ఇచ్చిన నోటీసులు, అవి నాకు అందినట్టు రుజువు, ఇన్వెంటరీ, వాల్యుయేషన్ రిపోర్టు, వేలంలో వచ్చిన బిడ్లు, కొన్నవారికి ఇచ్చిన ఇన్వాయిస్, సీజింగ్ యార్డు బిల్లులు పంపండి. ఈ ఉత్తరం బాకీని ఒప్పుకున్నట్టు కాదు.'

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయవచ్చు. ఖర్చు లేదు. వివరాలకు 14448. ఒక మెలిక: వ్యవహారం అప్పటికే కోర్టులోనో ఆర్బిట్రేషన్‌లోనో (కోర్టు బయట మధ్యవర్తి విచారణ) ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. అందుకే ముందుగా అక్కడికి వెళ్లాలి. ఇంకొకటి, మన వైపు నలుగురు కలిసి పెట్టుకున్న చిన్న ఫైనాన్సులు చాలా ఉన్నాయి. వాటి లెటర్‌హెడ్ మీద రిజర్వు బ్యాంకు రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే అంబుడ్స్‌మన్ దారి ఉండదు, కోర్టే.

ప్రశ్న: మా కారు నిరుడు సీజ్ చేసి అమ్మేశారు. ఇప్పటికీ విజయవాడ నుంచి ఓవర్‌స్పీడ్ చలాన్లు నా ఫోనుకే వస్తున్నాయి. చలాన్లు కట్టేస్తే సరిపోతుందా?
– రావులపాలెం

జవాబు: చలాన్ల కంటే పెద్ద ప్రమాదం ఉంది. ఆ బండి ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం కేసులో ఆర్‌సీ మీద ఉన్న పేరు మీది. బండి చేతులు మారినా రిజిస్ట్రేషన్ మారనంతవరకు ఆర్‌సీలో ఉన్నవారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బీమా కూడా లేకపోతే ఆ భారం మీ నెత్తిన పడే అవకాశం ఉంది.

ముందు ఎం-పరివాహన్‌లో బండి నంబరు కొట్టి ఇప్పటికీ ఎవరి పేరుందో, బీమా ఎప్పటిదాకా ఉందో చూడండి. మీ పేరే ఉంటే సీజింగ్ రోజున ఇచ్చిన రసీదు, అమ్మినట్టు కంపెనీ రాసిన ఉత్తరం జతచేసి రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. కంపెనీకి కూడా రాయండి. మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ ప్రకారం, స్వాధీనం చేసుకున్న బండికి ఫారం 36 పెట్టి ఆర్‌సీని తన పేరుకు మార్పించుకునే దారి ఫైనాన్సర్‌కు ఉంది. అది చేయకుండా, అప్పు ఇచ్చినప్పుడు మీ చేత ఖాళీగా సంతకం పెట్టించుకున్న 29, 30 ఫారాలు (బండి పేరు మార్పు ఫారాలు) కొన్నవాడి చేతిలో పెట్టి పంపేస్తుంటారు. కొన్నవాడు మార్పించుకుంటే మార్పించుకున్నట్టు, లేకపోతే లేదు. సీజ్ చేసిన తేదీ తర్వాతి చలాన్లు మీరు కట్టకండి. ఆ రసీదుతో ట్రాఫిక్ పోలీసులకు అభ్యంతరం పెట్టండి. కట్టేస్తే బండి మీ దగ్గరే ఉందని మీరే చెప్పినట్టు అవుతుంది.

ప్రశ్న: మా తోడల్లుడి కారు లోనుకు ష్యూరిటీ సంతకం పెట్టాను. నేను ప్రభుత్వ టీచర్ని. బండి అమ్మగా మిగిలిన 2.6 లక్షలకు నా జీతం అటాచ్ చేస్తామంటున్నారు. ముందు ఆయన్ని అడగకుండా నన్నెలా అడుగుతారు?
– అమలాపురం

జవాబు: అడగవచ్చు. జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవారితో సమానమని కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్. ముందు ఆయన ఆస్తి, తర్వాత మీ ఆస్తి అనే వరస లేదు. నెలనెలా జీతం వచ్చేవాడు కనిపిస్తుంటే రొయ్యల చెరువు వెంట ఎవరు తిరుగుతారు?

అయితే నోటీసుతో జీతం ఆగదు. కోర్టు డిక్రీ గానీ ఆర్బిట్రేషన్ అవార్డు (మధ్యవర్తి తీర్పు) గానీ వచ్చి, ఈపీ (తీర్పు అమలు చేయమనే పిటిషన్) వేసి, కోర్టు ఉత్తర్వు మీ డ్రాయింగ్ ఆఫీసరుకు చేరాకే కోత మొదలవుతుంది. అప్పుడు కూడా మొత్తం జీతం పోదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి వెయ్యి, మిగతాదానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. మినహాయింపు ఉన్న అలవెన్సులు పోగా మీ జీతం 64,000 అనుకుంటే వెయ్యి తీసేసి మిగిలిన 63,000లో మూడో వంతు, అంటే నెలకు 21,000 వరకు కోయవచ్చు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలకు మించి కోయకూడదు. జీపీఎఫ్ జోలికి రాకూడదు.

మీకు ఉన్న అస్త్రాలు రెండు. అప్పు లెక్కను ప్రశ్నించే హక్కు ఆయనకు ఎంతుందో మీకూ అంతే ఉంది, కాబట్టి పైన ఉండి ఊరి పాఠకుడికి చెప్పిన కాగితాలన్నీ మీ పేరుతో కూడా అడగండి. రెండోది కాంట్రాక్టు చట్టం 141వ సెక్షన్: అప్పిచ్చినవాడు హామీ వస్తువును మీ అనుమతి లేకుండా పోగొట్టినా, వదిలేసినా ఆ వస్తువు విలువ మేరకు మీ బాధ్యత తగ్గుతుంది. బండిని అడ్డగోలుగా తక్కువకు అమ్మారని చూపగలిగితే ఈ వాదన పెట్టవచ్చు. కానీ ముందు మీరు సంతకం పెట్టిన గ్యారంటీ ఫారం చదవండి. ఈ హక్కు వదులుకుంటున్నాను అని సన్న అక్షరాల్లో అచ్చు వేసి ఉండటం మామూలు. మీరు కట్టాల్సి వస్తే మీ ఖాతా నుంచి లోన్ ఖాతాకు నేరుగా పంపండి, తోడల్లుడి చేతికి ఇవ్వకండి. కట్టినదంతా ఆయన దగ్గర వసూలు చేసుకునే హక్కు 145వ సెక్షన్ ఇస్తుంది, దానికి మీ పేరున రసీదు కావాలి. చుట్టరికం మాట వేరే, రసీదు మాట వేరే.

ప్రశ్న: చెన్నై నుంచి ఎవరో ఆర్బిట్రేటర్ పేరుతో కవరు వచ్చింది. ఫలానా తేదీకి రమ్మన్నారు. తీసుకోకుండా తిప్పి పంపేస్తే కేసు నడవదంటున్నారు, నిజమేనా?
– తణుకు

జవాబు: నడుస్తుంది. 'తీసుకోలేదు' అని పోస్టుమన్ రాస్తే అందినట్టే లెక్కేస్తారు. మీరు లేకుండానే అవార్డు ఇస్తారు. అది కోర్టు డిక్రీతో సమానం, 12 ఏళ్ల లోపు ఎప్పుడైనా తణుకు కోర్టులోనే అమలు పెట్టవచ్చు.

కవరు తీసుకోండి, పైన ముద్ర ఉన్న తేదీతో సహా దాచండి. చెన్నై వెళ్లక్కర్లేదు. స్పీడ్ పోస్టులో, ఈమెయిల్లో జవాబివ్వండి: మీ నియామకం కంపెనీ ఒక్కటే చేసింది, నా అంగీకారం లేదు, అభ్యంతరం చెబుతున్నాను, క్లెయిమ్ పత్రం, ఖాతా స్టేట్‌మెంటు పంపండి, విచారణ వీడియోలో జరపండి. గొడవలో ఒక పక్షంవారు తమకు తాముగా ఏకైక ఆర్బిట్రేటర్‌ను పెట్టుకోకూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఆ పద్ధతిని తప్పుపట్టింది. అందుకే కొందరు 'ఆర్బిట్రేటర్ నియామకానికి ఒప్పుకుంటున్నాను' అని ఒక పేజీ పంపి సంతకం పెట్టమంటారు. ఆ సంతకం మాత్రం పెట్టకండి, అభ్యంతరం అక్కడితో ఆఖరు.

అవార్డు వచ్చేస్తే, ప్రతి అందిన రోజు నుంచి మూడు నెలల్లో ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ కింద కోర్టులో సవాలు చేయాలి. తగిన కారణం చూపితే మరో 30 రోజులు. ఆ తర్వాత ఒక్క రోజు ఆలస్యమైనా కోర్టు మన్నించలేదు. లాయరు ఫీజు భారమైతే తణుకు కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవల సంఘానికి వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కేసు పడకముందే లోక్ అదాలత్‌కు పెట్టి రాజీ చేసుకోవచ్చు కూడా. కాకపోతే లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. అక్కడి హడావుడిలో సంతకం పెట్టేయకుండా, అంకె ముందే తేల్చుకుని వెళ్లండి.

ప్రశ్న: 1.9 లక్షల బాకీకి 1.1 లక్షలు కడితే క్లోజ్ చేస్తామని ఏజెంటు అంటున్నాడు. ఈ నెలాఖరే ఆఖరు, ఫోన్‌పే చేయమంటున్నాడు. కొబ్బరి దింపు డబ్బు చేతిలో ఉంది. కట్టేయమంటారా?
– అంబాజీపేట

జవాబు: అంకె బాగానే ఉంది, ఏజెంటు ఫోన్‌పేకి మాత్రం ఒక్క రూపాయి కూడా వేయకండి. నెలాఖరు తొందర వాళ్ల టార్గెట్ తొందర. ఈ నెల దాటితే వచ్చే నెలా ఇదే మాట వినిపిస్తుంది, ఒక్కోసారి ఇంకా తక్కువకే. మార్చి నెలలో బేరం బాగా కుదురుతుంది.

ముందు కంపెనీ ఈమెయిల్ నుంచి గానీ బ్రాంచి నుంచి గానీ సెటిల్‌మెంట్ లెటర్ తెప్పించుకోండి. అందులో మీ లోన్ నంబరు, కట్టాల్సిన మొత్తం, గడువు తేదీ, డబ్బు వేయాల్సిన ఖాతా ఉండాలి. 'ఇది పూర్తి, తుది పరిష్కారం, ఇక ఏ బాకీ లేదు' అన్న మాట ఉండాలి. ష్యూరిటీ కూడా విముక్తుడని, వేసిన ఆర్బిట్రేషన్, చెక్ కేసులు వెనక్కి తీసుకుంటామని, ఖాళీ చెక్కులు తిరిగిస్తామని కూడా రాయించండి. లెటర్ పంపిన నంబరుకు కాకుండా, మీ ఒప్పందం మీద ఉన్న కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేసి అది వాళ్లదేనని నిర్ధారించుకోండి. అప్పుడు నెఫ్ట్ లేదా డీడీ. వాయిదాల్లో కట్టేట్టయితే దింపు డబ్బు చేతికొచ్చే తేదీ చూసుకుని గడువు పెట్టించుకోండి. ఒక్క వాయిదా తప్పినా మాఫీ రద్దని చాలా లెటర్లలో ఉంటుంది.

కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. సిబిల్ రిపోర్టులో మాత్రం 'క్లోజ్డ్' అని కాకుండా 'సెటిల్డ్' అని పడుతుంది, తక్కువ కట్టి రాజీపడ్డారని దానర్థం. అది ఏళ్ల తరబడి కనిపిస్తుంది. రాజీ చేసుకున్న అప్పులవాళ్లకు మళ్లీ అప్పివ్వడానికి కనీసం 12 నెలలు ఆగాలని రిజర్వు బ్యాంకు 2023 నియమం, వ్యవసాయ రుణాలకు మాత్రం వేరే గడువు పెట్టుకోవచ్చు. రెండు మూడేళ్లలో ఇంటి లోను అవసరమైతే ఆ 80 వేలు కూడా కట్టి 'క్లోజ్డ్' చేయించుకోవడం లాభమేమో ఆలోచించండి. అవసరం లేకపోతే సెటిల్డ్ అన్న ముద్రతో కొంపలేం మునగవు. రెండు నెలల తర్వాత రిపోర్టు తీసి చూడండి, ఏడాదికోసారి ఉచితం. తప్పుంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి.

ప్రశ్న: లోను తీసుకున్నప్పుడు ఇచ్చిన ఖాళీ చెక్కు మీద 2.4 లక్షలు రాసుకుని బ్యాంకులో వేశారు, బౌన్స్ అయింది. ఖాళీ చెక్కు చెల్లదు కదా?
– భీమవరం

జవాబు: సంతకం మీదైతే చెల్లుతుంది. ఖాళీగా ఇచ్చినా బాకీ కోసమే ఇచ్చారని కోర్టు మొదట అనుకుంటుంది, కాదని చూపాల్సింది మీరే. బౌన్స్ అయినట్టు తెలిసిన 30 రోజుల్లో వాళ్లు నోటీసివ్వాలి. అందిన 15 రోజుల్లో మీరు కట్టకపోతే ఆ తర్వాత నెల రోజుల్లో కేసు వేయాలి. ఆ 15 రోజుల్లోనే జవాబివ్వండి, ఊరుకోవడం పెద్ద తప్పు. చెక్కు వేసిన రోజున నిజమైన బాకీ చెక్కులోని మొత్తం కంటే తక్కువైతే 138వ సెక్షన్ కింద చెక్ బౌన్స్ నేరం కాదని 2022లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. బండి అమ్మిన డబ్బు, మీరు కట్టిన వాయిదాలు సరిగ్గా జమ చేయకుండా చెక్కు రాసి ఉంటే మీ వాదన అక్కడ నిలబడుతుంది. మళ్లీ ఆ ఖాతా స్టేట్‌మెంటే ఆధారం. ఆటో డెబిట్ బౌన్స్‌కూ ఇదే శిక్ష, 2007 నాటి పేమెంట్ చట్టం 25వ సెక్షన్ కింద.

ప్రశ్న: బండి పట్టుకెళ్లి నాలుగున్నరేళ్లయింది. ఇన్నాళ్లూ మాట లేదు. ఇప్పుడు ఫోన్ చేసి 'ఊరికే 500 వేయండి, ఫైలు లైవ్‌లో ఉంటుంది' అంటున్నారు.
– రాజోలు

జవాబు: వేయకండి, వాట్సాప్‌లో 'త్వరలో ఇస్తాను' అని కూడా రాయకండి. డబ్బు బాకీకి దావా గడువు మూడేళ్లు. గడువులోపల బాకీని ఒప్పుకుంటూ సంతకంతో రాసిచ్చినా, కొంత కట్టి దానికి మీ రాత గానీ సంతకం గానీ ఉన్నా మూడేళ్లు మళ్లీ మొదటికి వస్తాయి. గడువు దాటాక ఉత్తినే 500 కడితే బాకీ బతకదు గానీ, 'ఇస్తాను' అని రాసి సంతకం పెడితే కాంట్రాక్టు చట్టం 25(3) కింద అది కొత్త ఒప్పందమే.

తొందరపడి గడువు దాటిందనుకోవద్దు. ఈ మధ్యలో మీకు తెలియకుండా అవార్డు వచ్చి ఉండొచ్చు. ఈ-కోర్ట్స్ సైటులో మీ పేరుతో రాజోలు, అమలాపురం కోర్టుల్లో ఈపీ ఉందేమో వెతకండి. ఏమీ లేకపోతే 'బాకీ ఒప్పుకోవడం లేదు, గడువు దాటింది' అని ఒక్క ఉత్తరం ఇచ్చి ఊరుకోండి. సిబిల్‌లో మచ్చ మాత్రం గడువుతో సంబంధం లేకుండా ఉంటుంది. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత రికవరీ ఫోన్లు చేయకూడదన్నది రిజర్వు బ్యాంకు ఆదేశం. అలా చేస్తే కాల్ వివరాలు దాచి ఫిర్యాదుకు వాడండి.

ప్రశ్న: రెండు లక్షల కారు బాకీ ఉంది. ఐపీ పెట్టేయమని మా బావ సలహా.
– కడియం

జవాబు: ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంటుంది. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద ఐపీ వేసి దివాలా ప్రకటిస్తే, అటాచ్‌మెంట్ మినహాయింపు ఉన్నవి తప్ప మీ ఆస్తంతా అఫీషియల్ రిసీవర్ చేతికి పోతుంది. మీకు నర్సరీ ఉంటే అది కూడా. అంతకు ముందు రెండేళ్లలో భార్య పేరునో కొడుకు పేరునో ఊరికే రాసిన ఆస్తిని కూడా వెనక్కి లాగవచ్చు. ఆస్తి ఏమీ లేక, అప్పులు అన్ని వైపులా చుట్టుముట్టినవాళ్లకు అది దారి. ఒక్క కారు బాకీకి కాదు.

ప్రశ్న: మావారు పోయారు. కారు వాళ్లు పట్టుకెళ్లి అమ్మారు, మిగతాది నన్ను కట్టమంటున్నారు. నేను ఎక్కడా సంతకం పెట్టలేదు.
– నరసాపురం

జవాబు: మీరు సహ రుణగ్రహీతగానో ష్యూరిటీగానో సంతకం పెట్టకపోతే మీ సొంత డబ్బు, మీ బంగారం, మీ పేరున ఉన్న పొలం జోలికి రాలేరు. ఆయన వదిలి వెళ్లిన ఆస్తి మీ చేతికి ఎంత వచ్చిందో అంత మేరకే వారసులకు బాధ్యత. అన్నిటికంటే ముందు లోను శాంక్షన్ లెటర్, ఖాతా స్టేట్‌మెంటు మొదటి పేజీ చూడండి. లోను ఇచ్చిన రోజున 'లోన్ ప్రొటెక్ట్' లాంటి పేరుతో బీమా ప్రీమియం కోత కనబడితే, ఆయన మరణంతో ఆ పాలసీ బాకీ కట్టాలి. కంపెనీ తనంతట తాను గుర్తుచేయకపోవచ్చు. పాలసీ నంబరు అడిగి, మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి బీమా కంపెనీకి నేరుగా క్లెయిమ్ పెట్టండి. ఆ క్లెయిమ్ తేలేదాకా వసూలు ఆపమని ఫైనాన్స్ కంపెనీకి రాయండి.